వ్యూహంలోకి పంపిందెవరు?

మన భారతంలో యుద్ధానికి కొత్తవాళ్లయిన కుర్రాళ్లు ఇద్దరున్నారు. ఒకడు విరాటరాజు కొడుకు ఉత్తరుడు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు గొప్పలు పోయి, కౌరవసేన కంటపడగానే రథం దిగి పరుగు లంకించుకున్నాడు. రెండోవాడు అభిమన్యుడు. పద్మవ్యూహం ఛేదించుకుని లోపలికి వెళ్లి, బయటపడే దారి తెలియక నేలకొరిగాడు. మొదటివాణ్ణి తలచుకుని నవ్వుతాం. ఎవరైనా కోతలు కోస్తే ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అని ఇవాళ్టికీ ఎద్దేవా చేస్తాం. రెండోవాణ్ణి తలచుకుని కళ్లు తుడుచుకుంటాం. కానీ నవ్వేటప్పుడు గానీ ఏడ్చేటప్పుడు గానీ మనం గట్టిగా అడగని ప్రశ్న ఒకటుంది. వీళ్లను అక్కడికి పంపిందెవరు? విరాటుడు సేననంతా వెంటబెట్టుకుని ఒక దిక్కుకు పోయాడు. రెండో దిక్కున దాడి జరిగేసరికి రాచబిడ్డల్లో మిగిలింది ఆ కుర్రాడే. అభిమన్యుణ్ణి వ్యూహంలోకి వెళ్లమని అడిగింది సాక్షాత్తూ ధర్మరాజు.

ఈ ప్రశ్నను నాకు మళ్లీ గుర్తుచేసింది ఒక అమెరికన్ సినిమా. పేరు ‘వెన్ ట్రంపెట్స్ ఫేడ్’. బాకాలు మూగబోయినప్పుడు అని అర్థం. థియేటర్ల కోసం కాక హెచ్‌బీఓ టెలివిజన్ చానల్ కోసం తీసిన సినిమా ఇది. దర్శకుడు జాన్ ఇర్విన్. అంతకుముందు వియత్నాం యుద్ధం మీద ‘హాంబర్గర్ హిల్’ తీసినవాడు. 1998 జూన్ చివర్లో ఇది టీవీలో వచ్చింది. నెల తిరక్కముందే స్పీల్‌బర్గ్ ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ థియేటర్లకు వచ్చి లోకాన్నంతా తనవైపు తిప్పుకుంది. చిన్న సినిమా దాని నీడలో పడిపోయింది. ఆ తర్వాత దీన్ని వెతుక్కుని చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు దీని గురించి చెప్పే మాటలే నాకు మింగుడుపడవు.

కొందరంటారు: ఇది ఒక పిరికివాడు, తన ప్రాణం తప్ప ఏదీ పట్టనివాడు, యుద్ధపు కొలిమిలో కాలి నాయకుడిగా తేలిన కథ. ఇంకొందరంటారు: అనుభవం లేని చేతుల్లో నాయకత్వం పెడితే ఎంత నష్టమో చూపే కథ. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తున్నట్టే కనిపిస్తాయి. మొదటిది ఆ కుర్రాణ్ణి మెచ్చుకుంటుంది, రెండోది తప్పుపడుతుంది. కానీ రెండింటి చూపూ ఒకచోటే ఆగింది. బురదలో నిలబడ్డ ఆ మనిషి దగ్గర. తల ఎత్తి పైకి చూసిన పాపాన పోలేదు. సినిమా చెప్పింది మాత్రం పైవాళ్ల గురించే అని నా వాదన. దాన్ని చివరిదాకా నిలబెట్టుకోగలననే నమ్మకంతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు కథ. 1944 శరత్కాలం చివర. జర్మనీ సరిహద్దులో, ఆకెన్ నగరానికి ఆగ్నేయంగా ఉన్న హుర్ట్‌గెన్ అడవి. మానింగ్ అనే మామూలు సిపాయి గాయపడ్డ సహచరుణ్ణి మోసుకుంటూ అడవిలో నడుస్తుంటాడు. ఆ మనిషి ఇక ఓర్చుకోలేనంటాడు. తర్వాత ఒక తుపాకి చప్పుడు. మానింగ్ ఒక్కడే వెనక్కి వస్తాడు. అతని ప్లటూన్‌లో అతను తప్ప ఇంకెవరూ మిగల్లేదు. అందుకని కెప్టెన్ ప్రిచెట్ అతన్ని సార్జెంట్‌ని చేస్తాడు. మానింగ్ వద్దంటాడు. మతి స్థిమితం లేదని రాసిచ్చి ఇంటికి పంపెయ్యమని బతిమాలతాడు. కెప్టెన్ వినడు. అప్పుడే శిక్షణ శిబిరాల నుంచి దిగిన కొత్త కుర్రాళ్లను అతని చేతికి అప్పగిస్తాడు. వాళ్లలో శాండర్సన్ ఒకడు. వంతెన దగ్గర జర్మన్ ఫిరంగులు మనుషుల్ని తుడిచిపెడుతుంటే, వాటిని నోరు మూయిస్తే ఇంటికి పంపాలనే బేరం మీద మానింగ్ ముందుకు వెళతాడు. భయంతో బిగుసుకుపోయిన కుర్రాళ్ల వీపున నిప్పు చిమ్మే యంత్రాలు కట్టి తోస్తాడు. పని అవుతుంది. బేరం మాత్రం చెల్లదు. ఈలోగా ప్లటూన్ నాయకుడు లెఫ్టినెంట్ లూకాస్ మనసు చెదిరి కుప్పకూలుతాడు. ఆ జాగాలోకి మళ్లీ మానింగే. ఈసారి లెఫ్టినెంట్.

ఇప్పుడు మొదటి వాదన సంగతి చూద్దాం. యుద్ధం నాయకుణ్ణి తయారుచేసింది అంటున్నారు. మానింగ్ ఎక్కిన మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. సార్జెంట్ ఎందుకయ్యాడు? మిగతావాళ్లంతా చచ్చిపోయారు గనక. లెఫ్టినెంట్ ఎందుకయ్యాడు? ఉన్న లెఫ్టినెంట్ పనికిరాకుండా పోయాడు గనక. కొత్తగా ఏదో నేర్చుకున్నాడనో, మనుషుల్ని నడిపించే నేర్పు చూపాడనో ఎవరూ అతన్ని ఎంచుకోలేదు. ముందున్న కుర్చీలు ఒకటొకటిగా ఖాళీ అవుతుంటే వెనకనున్నవాణ్ణి ముందుకు జరిపారు. దాన్ని ఎదుగుదల అనడం, ఇల్లు కూలి ఆకాశం కనబడితే డాబా వేసుకున్నాడని మెచ్చుకోవడం లాంటిది. సినిమాలో అతని భుజాన పడిన ప్రతి పట్టీ వెనకా ఒక శవమో, మతి చెడిన మనిషో ఉన్నారు. ఇర్విన్ ఆ సంగతి దాచలేదు. ఒక్క పదోన్నతికీ సంగీతం మోగించి సంబరం చేయలేదు. సినిమా పేరే ఆ మాట చెబుతోంది.

ఇది కథకుడు అల్లిన సంగతి కాదు. ఆ అడవిలో నిజంగా జరిగింది ఇదే. 1944 సెప్టెంబరులో మొదలైన ఆ పోరు 1945 ఫిబ్రవరి దాకా సాగింది. అమెరికన్ పక్షాన సుమారు 33,000 మంది చనిపోవడమో, గాయపడడమో, చలికి, తడికి, మనోవ్యథకు పనికిరాకుండా పోవడమో జరిగింది. అక్టోబరులో 9వ డివిజన్ 3,000 గజాలు ముందుకు జరగడానికి దాదాపు 4,500 మందిని పోగొట్టుకుంది. నవంబరు 2న దాడికి దిగిన 28వ డివిజన్ రెండు వారాలు తిరిగేసరికి 6,184 మందిని కోల్పోయింది. ఆ డివిజన్ చిహ్నం ఎర్రటి కీలకశిల (కీస్టోన్) గుర్తు. జర్మన్లు దానికి ‘నెత్తుటి బకెట్’ అని పేరు పెట్టారు. 4వ డివిజన్‌లోని 22వ రెజిమెంట్ 3,257 మందితో అడవిలోకి అడుగుపెట్టింది. 18 రోజుల్లో 2,805 మందిని కోల్పోయింది. అడుగుపెట్టినప్పటి బలంలో నూటికి ఎనభై ఆరు వంతులు.

ఇంతమంది పోతే ఖాళీలు ఎలా నింపారు? ఇక్కడే అసలు సంగతి ఉంది. అమెరికా సైన్యం అలసిన దళాన్ని మొత్తంగా వెనక్కి తీసి, కొత్తవాళ్లతో కలిపి, మళ్లీ తర్ఫీదు ఇచ్చి పంపే పద్ధతి పెట్టుకోలేదు. దళం ముందు వరుసలోనే ఉంటుంది. మనుషులు మాత్రం ఒక్కొక్కరుగా వస్తారు, ఒక్కొక్కరుగా పోతారు. వాళ్లను ‘రీప్లేస్‌మెంట్లు’ అన్నారు. ఊడిన మేకు చోట కొత్త మేకు కొట్టినట్టు. వాళ్లలో చాలామంది నిన్నమొన్నటిదాకా ఇంకేవో విభాగాల్లో పనిచేసినవాళ్లు. కాల్బలానికి మనుషులు తక్కువై అక్కడి నుంచి ఊడబెరికి తెచ్చారు. రాత్రిపూట లారీలో దింపుతారు. చీకట్లో గోతిలోకి తోస్తారు. పక్క గోతిలో ఉన్న పాతవాడు పేరు కూడా అడగడు. అడిగి తెలుసుకున్న పేరు రేపు గుండెను కోస్తుందని అతనికి తెలుసు. పొద్దుటికే చనిపోయినవాళ్లున్నారు. వాళ్ల పేర్లు వాళ్ల ప్లటూన్‌లో ఎవరికీ తెలియవు.

ఆ కొత్తవాళ్లకు తెలియనిది ఎంత చిన్న విషయమో చూడండి. జర్మన్ ఫిరంగి గుండ్లు నేల మీద పడి పేలేవి కావు, ఎత్తయిన చెట్ల కొమ్మల్లో తగిలి పేలేవి. ఇనుప ముక్కలు, చెక్క చీలికలు పైనుంచి వానలా కురిసేవి. శిబిరంలో నేర్పిన పాఠం ఏమిటి? గుండు చప్పుడు వినగానే బోర్లా పడుకోమని. మైదానంలో అది ప్రాణం కాపాడే పాఠం. ఆ అడవిలో అదే ప్రాణం తీసింది. బోర్లా పడుకున్నవాడి వీపంతా వానకు ఎదురుగా ఉంటుంది. చెట్టు మొదలును కరుచుకుని నిటారుగా నిలబడ్డవాడికి తగిలేది తక్కువ. ఇది ఒక్క పూటలో నేర్పగలిగిన పాఠం. నేర్పే పాతవాడికి ఆ ఒక్క పూట తీరిక ఇచ్చిన వ్యవస్థ లేదు. కాబట్టి ఎంతోమంది ఆ పాఠాన్ని చావు దగ్గరే నేర్చుకున్నారు. మానింగ్ దగ్గర ఉన్న అనుభవం కూడా ఇలాంటిదే. తన ప్రాణం ఎలా నిలుపుకోవాలో అతనికి తెలుసు. పదిమందిని ఎలా బతికించాలో ఎవరూ నేర్పలేదు. ఈ రెండూ ఒకటే విద్య అనుకున్నది పైవాళ్లు.

ఇక రెండో వాదన. అనుభవం లేనివాడి చేతికి పగ్గాలు ఇవ్వడమే కీడు మూలమంటారు. సరే, అనుభవం ఉన్నవాళ్లను చూద్దాం. 28వ డివిజన్ సేనాని మేజర్ జనరల్ నార్మన్ కోటా. 1944 జూన్ 6న నార్మండీలోని ఒమాహా తీరంలో, తూటాల వానలో నిలువెత్తున నడిచి, ఇసుకలో ఇరుక్కుపోయిన సైనికులను లేపి ముందుకు తీసుకెళ్లిన మనిషి. ధైర్యంలో గానీ అనుభవంలో గానీ అతనికి వంక పెట్టేవారు లేరు. ఐదు నెలల తర్వాత అదే కోటా రోట్ అనే ఊళ్లో ప్రధాన స్థావరంలో ఉన్నాడు. పైనుంచి వచ్చిన పథకం ఆయన మూడు రెజిమెంట్లను మూడు దిక్కులకు చీల్చింది. ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి, మధ్యలో 112వ రెజిమెంట్ ఫోసెనాక్ మీదుగా ష్మిట్ గ్రామానికి. ఏ ఒక్కటీ మరొకదానికి అండగా నిలవలేని ఏర్పాటు.

ష్మిట్‌కు వెళ్లాలంటే కాల్ నది లోయ దిగి ఎక్కాలి. ఉన్న దారల్లా ఒక ఇరుకు కాలిబాట. ఒక పక్క బండ, ఒక పక్క అగాధం, కింద బురద. ఆ దారిన ట్యాంకులు వెళ్లగలవా లేదా అన్నది దాడికి ప్రాణం. మ్యాపు మీద అది ఒక గీత. నేల మీద ట్యాంకు గొలుసులు జారి ఊడిపోయాయి, దారి మూసుకుపోయింది. నవంబరు 3న సైనికులు ష్మిట్‌లోకి నడుచుకుంటూ వెళ్లారు. వాళ్ల వెనక ట్యాంకు లేదు. మర్నాడు పొద్దున్నే జర్మన్ ట్యాంకులు వచ్చాయి. ఊరు చేజారింది. మబ్బు పట్టి విమానాలు సరిగా ఎగరలేకపోయాయి. అయినా దాడి కొనసాగించమనే ఆదేశాలు వస్తూనే ఉన్నాయి. ఆ ఆదేశాలు ఇచ్చినవాళ్లలో ఏ ఒక్కరూ యుద్ధానికి కొత్తవాళ్లు కారు. ఆ నేలకు మాత్రం కొత్తవాళ్లే. వాళ్లు ఆ దారిలో నడవలేదు.

దీనికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఆ అడవికి తూర్పున రూర్ నది పారుతుంది. దాని ఎగువన ష్వామెనావెల్ వంటి పెద్ద ఆనకట్టలున్నాయి. అవి జర్మన్ల చేతిలో ఉన్నంతకాలం, అమెరికన్లు నది దాటగానే నీళ్లు వదిలి వాళ్లను రెండుగా నరకగలరు. అంటే ఆ ప్రాంతంలో నిజంగా సాధించవలసిన లక్ష్యం ఏదైనా ఉంటే అది ఆ ఆనకట్టలే. కానీ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా దాడి ఆదేశాల్లో వాటిని లక్ష్యంగా పెట్టనే లేదు. ఫస్ట్ ఆర్మీ అధిపతి జనరల్ కోర్ట్నీ హాజెస్ ప్రధాన స్థావరం బెల్జియంలోని స్పా పట్టణంలో ఉంది. అడవిని పట్టాలన్నదే అక్కడి పట్టుదల. చివరికి 1945 ఫిబ్రవరిలో ఆనకట్టల దాకా చేరేసరికి జర్మన్లు తూములు పాడుచేసి నీళ్లు వదిలారు. సుమారు రెండు వారాలు రూర్ నదిని దాటే వీల్లేకపోయింది. ఏమి సాధించడానికి పంపుతున్నారో పంపినవాళ్లకే తేల్చుకోవడం రాలేదు. మరి అనుభవరాహిత్యం అన్న నింద పందొమ్మిదేళ్ల రీప్లేస్‌మెంట్ మీద వేయడానికి మనకు నోరెలా వస్తోంది?

ఇలాంటిది మన దేశంలో కూడా జరిగింది. చైనాతో యుద్ధం జరిగిన 1962 అక్టోబరులో ఈశాన్య సరిహద్దున నాలుగో కోర్ పగ్గాలు లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్ చేతికి వచ్చాయి. రణరంగంలో దళాన్ని నడిపిన అనుభవం ఆయనకు లేదని అప్పుడే సైన్యంలో అందరికీ తెలుసు. నమ్‌కా చూ వాగు ఒడ్డున చలికి తగిన బట్టల్లేక, చాలినన్ని తూటాల్లేక ఒక బ్రిగేడ్ నిలబడింది. అక్టోబరు 20న అది తుడిచిపెట్టుకుపోయింది. ఆ బ్రిగేడ్‌ను నడిపిన జాన్ దాల్వీ చైనాకు బందీగా చిక్కి, తిరిగొచ్చాక పుస్తకం రాసి నిలదీశాడు. ఆ ఓటమి మీద జరిగిన విచారణ నివేదికను మన ప్రభుత్వాలు ఇప్పటికీ అధికారికంగా జనం ముందు పెట్టలేదు. ఓడిన జవానును వీరుడంటాం. పంపినవాళ్ల మీద రాసిన కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తాం.

నా మాటకు ఎదురు చెప్పేవాళ్ల దగ్గర గట్టి వాదన ఒకటుంది. దాన్ని దాటేసి పోను. సినిమా ముగింపు చూడమంటారు. రేపు మళ్లీ దాడి, ఎదుట జర్మన్ ట్యాంకులు, పగలు వెళితే అందరూ పోతారు. అది తెలిసిన మానింగ్ కొద్దిమందిని తీసుకుని రాత్రికి రాత్రే ట్యాంకుల మీదకు వెళతాడు. ఎవరూ పంపకుండా, ఏ బేరమూ లేకుండా వెళతాడు. మొదట్లో తన ప్రాణం తప్ప ఏదీ పట్టనివాడు చివర్లో తన పిల్లల కోసం ప్రాణం పెట్టాడు. ఇది ఎదుగుదల కాదా? యుద్ధం అతన్ని మార్చలేదా?

మార్చింది. ఒప్పుకుంటాను. ఆ రాత్రి మానింగ్ చేసింది గొప్ప పని. దాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. కానీ అతను అలా ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చూడండి. పగటి దాడి పిచ్చిపని అని అతనికి అర్థమైంది. పైవాళ్లకు అర్థం కాలేదు, లేదా పట్టలేదు. వాళ్ల తప్పును సరిదిద్దడానికి అతని ప్రాణం తప్ప ఇంకో సాధనం అతని చేతిలో లేదు. ఇక ఆఖరి దృశ్యం. తీవ్రంగా గాయపడ్డ మానింగ్‌ను శాండర్సన్ వీపున వేసుకుని అడవిలో నడుస్తుంటాడు. మొదటి దృశ్యంలో మానింగ్ తన సహచరుణ్ణి ఎలా మోశాడో అచ్చం అలాగే. మాట్లాడుతూ పోతాడు. వీపు మీది మనిషి పలకడు.

ఈ దృశ్యాన్ని పాపపరిహారం అనుకుంటే సినిమాను సగమే చూసినట్టు. మొదటి దృశ్యానికీ చివరి దృశ్యానికీ మధ్య ఏమీ మారలేదు, మోసేవాడు మారాడు. ఇప్పుడు ప్లటూన్‌లో మిగిలిన పాతవాడు శాండర్సన్. రేపు కెప్టెన్ పిలిస్తే ఎవరిని పిలుస్తాడో చెప్పనక్కర్లేదు. కొన్ని రోజుల క్రితం లారీ దిగిన కుర్రాడు రేపటికి అనుభవశాలి. కొత్త సార్జెంట్ తయారయ్యాడు. మొత్తం యంత్రం మళ్లీ మొదటికొచ్చింది. దర్శకుడు ఆ రెండు దృశ్యాలను ఒకే తీరుగా తీసింది ఈ సంగతి మనకు కనబడాలనే. వీరుడు పుట్టాడన్న సంతోషంలో అది చూడకపోతే తప్పు సినిమాది కాదు.

పిరికితనం మాట కూడా తేల్చుకుందాం. మానింగ్ పిరికివాడంటారు, లూకాస్ చేతగానివాడంటారు. ఇలాంటి మనిషిని చూపించి సేదదీరడం యుద్ధ సినిమాలకు అలవాటే. ఇదే హెచ్‌బీఓ 2001లో తీసిన ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’లో ఫోయ్ గ్రామం మీద దాడి ఘట్టం చాలామందికి గుర్తుంటుంది. లెఫ్టినెంట్ డైక్ మధ్యలో బిగుసుకుపోతాడు. అతన్ని తప్పించి స్పియర్స్‌ను పంపుతారు. స్పియర్స్ దూసుకుపోతాడు. మనకు ఊరటగా ఉంటుంది. చెడ్డ నాయకుడు పోయాడు, మంచి నాయకుడు వచ్చాడు, లెక్క సరిపోయింది. ఆ కథ అక్కడికి నిజమే కావచ్చు. కానీ అది మనకు నేర్పే అలవాటు మంచిది కాదు. తప్పంతా ఒక మనిషిలో ఉందని, మనిషిని మారిస్తే చాలని నేర్పుతుంది. ‘వెన్ ట్రంపెట్స్ ఫేడ్’ ఆ ఊరట ఇవ్వదు. లూకాస్ పోయాక మానింగ్ వచ్చాడు. మానింగ్ పోయాడు. అడవి అలాగే ఉంది, ఆదేశమూ అలాగే ఉంది.

పిరికితనానికి 28వ డివిజన్ కట్టిన వెల కూడా గుర్తుచేయాలి. ఎడ్డీ స్లోవిక్ అనే సిపాయి ఇదే 28వ డివిజన్‌కు వచ్చిన రీప్లేస్‌మెంట్. ముందు వరుసలో ఉండలేనని, వెనక ఏ పనైనా చేస్తానని అడిగాడు. కుదరదన్నారు. పారిపోయాడు. తనే లొంగిపోయి కాగితం రాసిచ్చాడు. 1944 నవంబరు 11న, హుర్ట్‌గెన్‌లో డివిజన్ నెత్తురు కక్కుతున్న రోజుల్లోనే, ఆ అడవి పక్కనే ఉన్న రోట్‌గెన్‌లో అతనికి మరణశిక్ష వేశారు. కోటా సంతకం చేశాడు. 1945 జనవరి 31న కాల్చి చంపారు. ఆ యుద్ధంలో పారిపోయినందుకు 49 మంది అమెరికన్ సైనికులకు మరణశిక్ష పడింది. అమలైంది స్లోవిక్ ఒక్కడికే. కాళ్లు వణికిన సిపాయిని కాల్చిన సైన్యం, తప్పుడు పథకం గీసినవాళ్లలో ఒక్కరినీ పదవి నుంచి కదపలేదు. స్లోవిక్ కథను కూడా 1974లో టెలివిజనే సినిమాగా తీసింది. మార్టిన్ షీన్ ఆ పాత్ర వేశాడు.

ఆ మాట మీదే ఇంకో అపోహ తీర్చాలి. టీవీ సినిమా గనక చిన్నదని, డబ్బు చాలక యుద్ధం సరిగా చూపలేదని అంటారు. హంగేరీలో తక్కువ ఖర్చుతో తీసిన సినిమాయే. నార్మండీ తీరం లాంటి దృశ్యం అందులో లేదు. కానీ విజయంతో ముగియని, గెలుపుకు పనికిరాని, ఏ జెండా ఎగరని పోరు మీద వందల కోట్లు పెట్టి సినిమా తీసి టికెట్లు అమ్మడం ఎవరికీ సులువు కాదు. ఆ పని టెలివిజన్ చేసింది. స్లోవిక్ కథ, మానింగ్ కథ రెండూ టీవీకే దక్కడం కాకతాళీయం అనుకోను. పెద్ద తెర గెలిచినవాళ్ల వైపు చూస్తున్నప్పుడు చిన్న తెర బురదలో మిగిలిన ముఖం దగ్గరికి వెళ్లింది. దాన్ని లోపంగా లెక్కపెట్టడం నాకు సమ్మతం కాదు.

చివరిగా ఒక అభ్యంతరం. యుద్ధం నడుస్తుంటే నేర్పడానికి తీరిక ఎక్కడుంది, ఉన్నవాళ్లతో సర్దుకోక తప్పదు కదా అంటారు. కెప్టెన్ ప్రిచెట్ వరకూ ఇది నిజమే. అతని ముందు మానింగ్ తప్ప ఇంకెవరూ లేరు. అతన్ని నేను తప్పుపట్టను. కానీ అదే యుద్ధంలో కొన్ని డివిజన్లు కొత్తవాళ్లను నేరుగా గోతుల్లోకి దించకుండా వెనక కొన్ని రోజులు ఉంచి, తమ పాతవాళ్ల చేతే తర్ఫీదు ఇప్పించాయి. అంటే తీరిక అనేది ఒకరు కల్పిస్తేనే ఉంటుంది. అదే యుద్ధం ముగిశాక, 1946లో అమెరికన్ పరిశోధకులు యాపెల్, బీబీ లెక్కతేల్చారు: కాల్బల సైనికుడు సుమారు 200 నుంచి 240 రోజుల పోరుకు మించి నిలవలేడు, ఎంత గట్టివాడైనా అరిగిపోతాడు. కాబట్టి అనుభవం పోగయ్యేకొద్దీ మనిషి పదునెక్కుతాడనుకోవడమూ తప్పే. ఒక హద్దు దాటాక అదే అనుభవం అతన్ని తినేస్తుంది. మానింగ్ ఇంటికి పంపమన్నప్పుడు చెప్పింది నిజమే. వినాల్సినవాళ్లు విననేలేదు. 28వ డివిజన్‌కు కూడా ఇదే జరిగింది. హుర్ట్‌గెన్ నుంచి తీసి, విశ్రాంతి తీసుకోమని ఆర్డెన్స్‌లో ప్రశాంతమైన చోటికి పంపారు. డిసెంబరు 16న జర్మన్ల ఆఖరి మహాదాడి సరిగ్గా అక్కడే విరుచుకుపడింది.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. దాదాపు ప్రతి ఇంటి నుంచీ సైన్యానికి మనిషిని పంపిన ఊరు గనక మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ అక్కడి మనుషులు పాల్గొన్నారు. అలాంటి ఊరి తల్లి తన కొడుకు వీరుడా కాదా అని ఎవరినీ అడగదు. ఆమెకు తెలియాల్సింది వేరు. నా బిడ్డకు పని నేర్పి పంపారా? ఏ పని మీద పంపారో పంపినవాళ్లకు తెలుసా? వెనక్కి వచ్చే దారి చూసి ఉంచారా? యుద్ధ సినిమా చూసే ప్రతి ఒక్కరూ అడగాల్సినవి ఈ మూడే. యుద్ధం ఒక్కటే కాదు. అర్ధరాత్రి వార్డులో ఒంటరిగా వదిలేసిన కొత్త డాక్టరును, నెల తిరక్కుండానే పెద్ద బాధ్యత నెత్తిన పెట్టిన కొత్త ఉద్యోగిని తప్పుబట్టే ముందు కూడా అడగాల్సినవే.

కుర్రాడు పారిపోతే నవ్వి, చనిపోతే పూలదండ వేసి, రెండుసార్లూ పెద్దలను వదిలేసే అలవాటు మనకు తరతరాలుగా ఉంది. దాన్ని ఇకనైనా మానుకుందాం. లోపలికి వెళ్లడమే తనకు తెలుసని, బయటపడే దారి తెలియదని అభిమన్యుడు ముందే చెప్పాడు. ఆ మాట విన్న తర్వాతే ధర్మరాజు అతన్ని పంపాడు.